రెండో ఓటు

లంజిపల్లి, బరంపురం,
శనివారం.

నాన్నకి,

నీ కూతురు దుర్గ నమస్కారం చేసి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ అల్లుడు గౌతమ్, నీ దగ్గర నుంచి వచ్చిన అమ్మ, ముగ్గురం క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమేనని తలుస్తాను. ఇంతవరకు మర్యాద కోసం రాశాను. ఇక మీదట రాసేదంతా కోపంతో రాస్తున్నది. కూర్చుని చదువు.

ఫోనులో చెప్పొచ్చు కదా అనకు. నా గొంతు వినగానే కట్టేస్తున్నావు. అప్పలరాజు బావ చేత పంపిన నీ ఉత్తరం మొన్న అందింది. బడిలో మాకు ఒడియా ఒక్కటే నేర్పితే, పడవ నీడన కూర్చోబెట్టి తెలుగు దిద్దించినవాడివి నువ్వే. ఆ ఉత్తరంలో నన్ను అడిగిన వాటికి ఆ తెలుగులోనే జవాబు చెబుతాను.

ఓటెయ్యడానికి నన్నెవరు పంపారని అడిగావు. ఏ పార్టీ వాళ్ళు నా చెవిలో ఊదారని అడిగావు. ఎవరూ పంపలేదు నాన్నా. నేను పనిచేసే కంటి ఆసుపత్రిలో సెలవు పెట్టుకుని, బస్సెక్కి, నా అంతట నేనే వచ్చాను. ఆడదానికి తనంతట తాను ఒక ఆలోచన వస్తుందని నీకు తోచదు, అందుకని మళ్ళీ రాస్తున్నాను. ఎవరూ పంపలేదు.

సముద్రం ఊరిని కోసుకుపోతోందని, రాతిగోడ కట్టేదాకా ఈ ఉప ఎన్నికలో ఎవరూ ఓటు వెయ్యకూడదని ఊరిపెద్దవి నువ్వు కూటం పెట్టి తీర్మానం చేయించావు. ఆ బాధ దొంగదని నేననను. నేను పుట్టిన గది ఇవాళ నీళ్ళలో ఉంది. కానీ ఆ తీర్మానం చేసినప్పుడు కూటంలో ఒక్క ఆడదైనా ఉందా? ఇళ్ళు పోయిన ఆడవాళ్ళు లేరా మన ఊళ్ళో? మీరు నలుగురు మగవాళ్ళు కూర్చుని అనుకున్నారు, ఊరి చాటింపు వేసే మసేను డప్పు కొట్టి చెప్పేశాడు, అయిపోయింది. ఒకవేళ నన్ను అడిగి ఉంటే నేనూ సరేననేదాన్నేమో. అడగలేదు.

అడగకపోవడం నీకు కొత్త కాదు. నాకు ఓటు వచ్చిన మొదటిసారి గుర్తుందా? తలంటుకుని, పెద్దమ్మ కొన్న చీర కట్టుకుని బడి దగ్గరికి వచ్చాను. మసేను నవ్వి, "నీ ఓటు పడిపోనాది గానీ, ఇంటికెల్లు" అన్నాడు. నేను ఏడుస్తూ నీ దగ్గరికి వస్తే నువ్వేమన్నావు? "నీ ఒక్క ఓటుతో ఏటవుద్దే? ఊరోట్లన్నీ ఒక్కసోటే పడ్డాయి, అది సూడు." ఆ తర్వాత కూడా ఎప్పుడు వచ్చినా అదే. నాది ఎవరో వేసేసేవారు. అమ్మకి మాత్రం గుమ్మం దాకా వెళ్ళి ఏ బొమ్మ నొక్కాలో చెప్పి పంపేవాడివి. ఊరి ఓట్లు నీ సంచిలో సరుకు. ఎవరొచ్చి మంచి మాట చెబితే వాళ్ళ చేతిలో పెట్టేవాడివి. ఈసారి మాత్రమే ఆ సంచి మూతి కట్టేశావు. ఈసారి మాత్రమే నా ఓటు నాకోసం మిగిలింది. అందుకే వచ్చాను.

ఆ పొద్దున్న బడి సందు మొదట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు మీరంతా. నువ్వు లేచి నిలబడ్డావు.

"ఎందుకొచ్చేవు?"

"ఓటెయ్యడానికి."

"ఊరంతా మానీసినాక నీకొక్కదానికీ ఏటొచ్చింది? నీ ఒక్క ఓటుతో పెబుత్వం పడిపోద్దా, నిలబడిపోద్దా?"

"ఏటీ అవదు కదా నాన్నా. అలాగైతే నన్నెల్లనీ."

అందరి ముందూ నీ మాటే నీకు ఎదురు తిరిగింది కాబట్టి, "ఎల్తే నువ్వు నా కూతురివి కావు" అన్నావు. నేను వెళ్ళాను. లోపల ఉద్యోగులు ఖాళీ బల్లల ముందు ఈగలు తోలుకుంటున్నారు. పూర్ణచంద్ర అనే ఆయన, వాళ్ళ ఆఫీసరు, నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు, పెళ్ళివారు దిగినట్టు. నేను నొక్కాను. ఆ మిషను కూత సందు చివరిదాకా వినిపించిందని, నువ్వు చెవులు మూసుకున్నావని తర్వాత విన్నాను.

ఎవరికి వేశావని అడిగావు. చెప్పను. ఒక్క ఓటుకి విలువ లేదన్నవాడివి, అది ఎటు పడిందో తెలుసుకోవడానికి ఇంత రాత ఎందుకు రాశావు?

ఇక బుల్లమ్మ సంగతి. నీ ఉత్తరంలో నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. సాయంత్రం ఉద్యోగులు మూట కట్టుకుని పోతూ, మొత్తం రెండు ఓట్లు పడ్డాయని చెప్పారు. లెక్కింపు రోజున చూస్తే ఆ రెండూ చెరో గుర్తుకు పడ్డాయి. ఒకటి నాదని అందరికీ తెలుసు. రెండోది ఎవరిదని ఊరు ఊరంతా వెతకడం మొదలుపెట్టింది. ఒడ్డున చేపలు కొనే ఆడవాళ్ళని వరసగా నిలబెట్టి వేళ్ళు చూశారట! బుల్లమ్మ వేలు నల్లగా ఉందని పట్టుకున్నారట!

నాన్నా, బుల్లమ్మ పది వేళ్ళూ నల్లగానే ఉంటాయి. వేట లేని రోజుల్లో ఆమె జీడిపిక్కలు కొడుతుంది. ఆ జీడి చర్మాన్ని తినేసి నల్లగా చేస్తుందని మన ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. నీకు తెలియదా? తెలుసు. కానీ ఎవరో ఒకరు దొరకాలి కదా. నన్ను వెలివేస్తే నాకేమవుతుంది, నేను బరంపురంలో ఉన్నాను. మొగుడు లేనిది, అడిగేవాడు లేనిది బుల్లమ్మ. అందుకని ఆమె మీద పడ్డారు. ఒడ్డున ఆమె గంపలో ఎవరూ చేప వెయ్యకూడదు, కొట్లో ఉప్పు కూడా అమ్మకూడదు, ఆమెతో మాటాడకూడదు. పైగా నన్ను సాక్ష్యం అడుగుతావా? "బుల్లమ్మ లోపలికెల్లడం సూసేనని ఒక్క ముక్క రాసీ, నిన్ను చెమించేస్తాను" అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఆమె ఆ రోజు బడి పక్క కుళాయికి నీళ్ళకోసం వచ్చింది, అంతే. ఆమె లోపలికి వెళ్ళలేదు. ఆమె ఓటు వెయ్యలేదు.

ఎలా తెలుసు అంటావు. చెబుతాను. దానికి ముందు, అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి, ఎప్పుడు పంపుతావు అని కూడా అడిగావు కదా. అమ్మ మోకాళ్ళకి ఏమీ కాలేదు. నొప్పి అని నీకు అబద్ధం చెప్పి వచ్చింది. వచ్చిన దగ్గర నుంచి సరిగా తినడం లేదు. కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంటుంది. ఏమిటమ్మా అంటే బుల్లమ్మ ఏం తింటోందో అంటుంది. నిన్న మధ్యాహ్నం నేను నీ ఉత్తరం గట్టిగా చదివి వినిపించాను. నన్ను సాక్ష్యం రాయమన్న చోట ఆపమంది. ఎడమచేతి వేలికి చుట్టుకున్న గుడ్డ విప్పి, సిరా గుర్తున్న ఆ వేలు నా ముందు పెట్టింది.

ఆ గుడ్డ నీకూ తెలుసు. కత్తిపీట తెగిందని అమ్మ చెబితే, పసుపు తెచ్చి ఇచ్చావట. విప్పి చూడలేదు. ఒడ్డున అందరి వేళ్ళూ చూసినవాళ్ళు కూడా ఊరిపెద్ద భార్యని మాత్రం వేలు చూపించమని అడగలేదు.

నాన్నా, రెండో ఓటు అమ్మది.

డ్యూటీకి వచ్చిన మనుషుల్ని ఆకలితో పంపకూడదని, వాళ్ళకి వండి పెట్టమని అమ్మ వాళ్ళ మహిళా సంఘానికి చెప్పినవాడివి నువ్వే. అది మంచి మాటే. అమ్మ అన్నం గిన్నెలు పట్టుకుని మీ కుర్చీల ముందు నుంచే వెళ్ళింది, మీ ముందు నుంచే వచ్చింది. అప్పటికి సముద్రం పోటెక్కి హోరెత్తుతోంది, రెండో కూత మీ చెవిన పడలేదు. మధ్యలో ఏం జరిగిందో ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"గిన్నెలు ఎత్తడానికెల్లేను. ఆ ఆపీసరు, ఒక్కటే ఓటు పడ్డాది మావుసీ, అని పిన్నిని పిలిసినట్టు పిలిసి సెప్పినాడు. ఒక్కటే అయితే అది నీదేనని, నువ్వు ఏటి నొక్కేవోనని లెక్కెట్టిన్నాడు ఊరంతటికీ తెలిసిపోద్ది కదేటే? ఇంకోటి పడితే ఏది నీదో ఎవులికి తెలుస్తాది?"

"అంటే నా కోసం వేశావా?" అన్నాను.

"నీ కోసమే అనీసుకోకు. నీ కోసమనే లోపలికెల్లేను. ఆ అట్ట సాటున నిలబడ్డాక నాకూ నొక్కాలనిపించింది. ఈసారి ఏది నొక్కాలో మీ నాన్న సెప్పనేదు కదా. నానే సూసుకున్నాను. కుసింతసేపు సూసుకున్నాను."

"ఏది నొక్కావు?"

"నీది నాకు సెప్పేవా? నాదెందుకు నీకు?" అంది.

ఆ తర్వాత గుడ్డ మళ్ళీ చుట్టుకోలేదు. "రాసీ మీ నాన్నకి. బుల్లమ్మని ఒగ్గీమని రాసీ" అంది. అందుకే రాస్తున్నాను. నేను చెప్పాలనుకున్నది కూడా ఇదే. నన్ను తిట్టు, పడతాను. నీ మాట పోతుందని ఇంకొకరి కూడు తీసేస్తే మాత్రం, గోడ కట్టని ఆ సర్కారుకీ నీకూ తేడా లేదు.

ఆదివారం.

నిన్న ఇక్కడిదాకా రాసి ఆపాను. ఇవాళ లేచి చూస్తే అమ్మ లేదు. ఆమె సంచి లేదు, చెప్పులు లేవు. గౌతమ్ బస్టాండుకి పరిగెత్తాడు, మొదటి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. నీకు ఫోను చేశాను, ఎత్తలేదు. చివరికి అప్పలరాజు బావే నాకు చేశాడు.

"మీ అమ్మ బస్సు దిగి ఇంటికెల్నేదు దుర్గా. తిన్నగా ఒడ్డుకొచ్చీసింది. పడవలొచ్చే యేళ. బుల్లమ్మ దూరంగా ఒక్కర్తీ కూకుంటే, ఎల్లి పక్కన కూకుంది. అందరూ సూస్తన్నారు. వేలు ఎత్తి, 'ఆ రెండోది నాది. దీన్ది కాదు' అంది."

"నాన్న?"

"ఉన్నాడు. పడవేపు తిరిగి నిలబడ్డాడు. మసేను అడిగినాడు, పెద్దా, ఈవిణ్ణీ ఎలేసినట్టేనా అని. దానికి మీ నాన్న వల దులుపుకుంటా ఉండిపోనాడు."

ఎవరూ బుల్లమ్మ గంపలో చేప వెయ్యలేదట. ఒక్కరంటే ఒక్కరు. ఇద్దరూ ఆ ఖాళీ గంప పక్కన ఎండెక్కేదాకా కూర్చుని, బుల్లమ్మ తన ఇంటికి, అమ్మ మన ఇంటికి వెళ్ళారట. అది విన్నాక ఈ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. నీకు తెలియనిది ఇందులో ఇంకేముంది? కానీ అమ్మ ఎందుకు చేసిందో అమ్మ నీకు చెప్పదు, నువ్వు అడగవు. అందుకని గౌతమ్ చేతికిచ్చి మధ్యాహ్నం బస్సుకు పంపుతున్నాను.

ఇది నీ చేతికి అందేసరికి అమ్మ పొయ్యి వెలిగించి ఉంటుంది. వెలివేసిన మనిషి చేతి కూడు తినకూడదన్న కట్టుబాటు నీది. మన గుమ్మం ఎదురుగా ఊరు నిలబడి చూస్తుంటుంది. నువ్వు కంచం ముందు కూర్చున్నావంటే బుల్లమ్మ మీద వెలి కూడా అక్కడితో సరి. కూర్చోనంటే అమ్మని తీసుకురావడానికి గౌతమ్ ఉన్నాడు, రాత్రి బస్సు ఉంది. మళ్ళీ ఆమె నీ గడపలోకి రాదు. ఇందుకు కూటం పెట్టకు. పెద్దమనుషుల్ని పిలవకు. ఎవరినీ అడక్కుండా ఇదొక్కటి నువ్వే తేల్చుకో.

ఇట్లు,
నీ మొండితనమే వచ్చిన
నీ కూతురు
దుర్గ