కోడిపెట్ట సంపాదన

మార్చి 3, సోమవారం
ఆడియో యాప్‌లో నా సీరియల్ ఇవాళ్టికి నలభయ్యో ఎపిసోడ్. కోడలి ఏడుపు ఎవరికీ అక్కర్లేదట, అత్త నోరు విప్పితే చాలట. ఆ డైలాగులు ఎలా తడతాయి మేడమ్, అని ఎడిటర్ అమ్మాయి అడిగింది. తట్టడమేమిటి! వంటింట్లోకి వెళ్తే చాలు.

మార్చి 5
అత్తయ్య ఇవాళ్టి దిగుబడి: "నువ్వా ఉల్లిపాయ కోసేలోపు దానికి మొలకొస్తుంది."
మధ్యాహ్నానికల్లా టైప్ చేసి పంపేశాను.

మార్చి 8
పొద్దున్నుంచీ అత్తయ్య ఒక్క మాటా అనలేదు. కావాలనే కాఫీ పల్చగా కలిపాను. ఇది లేవగానే తాగేది కాదు, పడుకోబోయే ముందు తాగేది, అంది. ఒళ్లు మండింది. ఎపిసోడూ అయిపోయింది.
మా ఆయన షాపు మూతపడ్డాక ఇంట్లో పాలు, గ్యాస్, బియ్యం అన్నీ ఆవిడ తిట్ల మీదే. అమ్మని అమ్ముకుంటున్నావు, అన్నారు ఆయన. బియ్యం బస్తా దించుకుంటూనే.

మార్చి 12
ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే వచ్చి నిలబడింది.
"కూర్చుని సంపాదించేది కోడిపెట్టొక్కటే అనుకున్నా."
ఇరవై రెండేళ్ల కాపురంలో ఇంత మంచి మాట అనలేదు. ఆవిడ అక్కడుండగానే టైప్ చేసేశాను.

మార్చి 15, సాయంత్రం
కొంప మునిగింది. ఎదురింటి టైలరమ్మ ఫోన్ పట్టుకొచ్చి అత్తయ్యకి సీరియల్ వినిపించింది. అచ్చం నీలాగే మాట్లాడుతుంది పిన్నీ, అని పడీ పడీ నవ్విందట. కోడిపెట్ట దగ్గర అత్తయ్య నవ్వలేదట.
గొడవకి సిద్ధపడి భోజనం వడ్డించాను. కూర చాలా బాగుంది తల్లీ, అంది.

మార్చి 16
మళ్లీ తల్లీ అంది. మూడుసార్లు.

మార్చి 19
ఉల్లిపాయలు గంటసేపు కోశాను. నిదానంగా కొయ్యి తల్లీ, వేలు తెగుతుంది, అంది. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మారు వడ్డించుకుంది.
సొంతంగా రాయబోతే సీరియల్‌లో అత్త స్కూల్ టీచర్‌లా మందలిస్తోంది.

మార్చి 22
ఎడిటర్ అమ్మాయి ఫోన్. వినేవాళ్లు సగానికి తగ్గిపోయారట. సోమవారంలోగా అత్తకి పాత నోరు రాకపోతే సీరియల్ ఆపేస్తారట.
ఫోన్ పెట్టేసి అత్తయ్య గదిలోకి వెళ్లి తలుపేశాను. నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆవిడ వయసు, ఆవిడ పుట్టిల్లు, చచ్చిపోయిన మామయ్య, దేన్నీ వదల్లేదు.
అంతా విని దిండు సర్దుకుంది.
"బాగున్నాయి తల్లీ. రాసుకో."

మార్చి 23
రాసుకున్నాను. అక్షరం మార్చకుండా పంపాను.

మార్చి 24
ఎడిటర్ అమ్మాయి మెసేజ్. అత్త ఇంత ఘోరంగా ఎప్పుడూ లేదు మేడమ్, ఇక ఇలాగే కానివ్వండి, అని.