మొదటి అగ్గిపుల్ల

ఐలి అక్కకి,

తాప్యో పోయాడని పోలీసులు చెప్పే ఉంటారు. మిగతాది నేను రాస్తున్నాను; అమ్మకి ఎంతవరకు చెప్పాలో నువ్వే చూసుకో.

నేనూ, కౌకో, తాప్యో గడ్డకట్టిన ఇనారి సరస్సు ఒడ్డునే నడిచాం. తాప్యో మాకంటే ముందే అడవి గుడిసె చేరి, పొయ్యిలో పుల్లలు పేర్చి, వెలిగించకుండా ఉంచాడు. బాగా చలేసినవాడే మొదటి అగ్గిపుల్ల గీయాలని మన పద్ధతి కదా. నేనే గీశాను. గుడిసెలో బకెట్ లేదు.

"నీళ్ళకెళ్ళి చేపలతో కబుర్లు పెట్టుకున్నట్టున్నాడు," అన్నాడు కౌకో. నవ్వుకుంటూ చలి కాచుకున్నాం.

ఎంతకీ రాకపోతే వెళ్ళి చూశాం. ఒడ్డున బకెట్, దాని ముందు విరిగిన మంచు. వాణ్ణి నీళ్ళలోంచి బయటికి లాగేసరికి ఊపిరి లేదు.

పొయ్యి పక్కన పడుకోబెట్టాం. హెలికాప్టర్ వచ్చేదాకా కౌకో కట్టెలు వేస్తూనే ఉన్నాడు.

"ఇక చాల్లేరా," అన్నాను.

"వాడికే కదరా ఎక్కువ చలి," అన్నాడు.