ఇరవై ఏడో నంబరు కొత్తిమీర

శుక్రవారం, పద్నాలుగో తారీఖు

ప్రియమైన అక్కకు,

చెల్లెలి నమస్కారాలు. బావగారిని అడిగానని చెప్పు. మోకాలి నొప్పి తప్ప ఇక్కడ నేను క్షేమమే. రెండేళ్లుగా మన మధ్య మాటల్లేవు. అయినా అమ్మ ధనియాలు గుప్పెడు పంపమని నువ్వే ముందు రాశావు. నీ చేతిరాత చూసి ఏడుపొచ్చింది.

అమ్మ ధనియాలు మా విత్తనాల గదిలో ఇరవై ఏడో నంబరు. కొత్త రకం తయారుచేయాలంటే ఏ కొత్తిమీర దేనికి చుట్టమో, ఏది నిజంగా వేరో ముందు తేలాలి. అందుకని ఈ ఏడాది నలభై రకాల ఆకులు నూరి జన్యు పరీక్ష చేశాం. అమ్మది అన్నిటికీ దూరంగా నిలబడుతుందని ల్యాబంతా గొప్పలు పోయాను. నిన్న ఫలితాలొచ్చాయి. ఇరవై ఏడు కలగాపులగమట, సగానికి సగం అంగడి రకాల పోలికలేనట. మేం చాటుగా భూతద్దం అని పిలుచుకునే మా పెద్దాయన జాబితాలో ఆ వరుస కొట్టేసి, ఇందులో దాచడానికేముందమ్మా, తీసెయ్ అన్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

దాచిన గింజలు ముసలివైపోతాయి కాబట్టి, కొన్నేళ్లకోసారి నాటి కొత్తవి తీస్తాం. పూతకొచ్చినప్పుడు మడి చుట్టూ సన్నటి వల కట్టకపోతే తేనెటీగలు పక్క మళ్ల పుప్పొడి తెచ్చి కలిపేస్తాయి. అమ్మ ఆఖరి వారంలో నేను రాలేకపోయింది ఇరవై ఏడో నంబరు మడికి ఆ వల కట్టే పనివల్లేగా. అమ్మకన్నా కొత్తిమీర ఎక్కువైందా అన్నావు. అంత్యక్రియల్లో నా వైపు చూడనైనా లేదు.

వల కట్టిన మడిలో కలిసే వీల్లేదు. అమ్మ పెరట్లోనే ఎప్పుడో కలిసిపోయి ఉంటుంది. నా కొత్తిమీర తుంచితే వీధి చివరికి వాసన రావాలి అని అమ్మ మురిసిపోయేది, మనం నమ్మేశాం. అడిగావు కాబట్టి గుప్పెడు పంపుతున్నాను. మొలుస్తాయి.

నీ చెల్లెలు

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. అమ్మ పెరటిని తప్పుపట్టకక్కా. ఆ వారం నేను మడి దగ్గర లేను. అమ్మను ఆ స్థితిలో చూసే ధైర్యం లేక, గది తలుపేసుకుని పడుకున్నాను. వల స్టోరురూములో మడత కూడా విప్పలేదు. అమ్మ ఇచ్చిన గింజలన్నీ ఆ మడిలోనే వేశాను, పాతవి ఒక్కటీ మిగల్లేదు. నువ్వు ఫోన్ చేసి అమ్మ చెవి దగ్గర పెట్టినప్పుడు, వల కడుతున్నానమ్మా, రాలేను అని చెప్పాను. అమ్మ నమ్మింది. పోన్లేవే, గట్టిగా కట్టు అంది.