సదీఖ్‌కు నిప్పట్లు

ఫహాహీల్

గంగులయ్య మామకు మేనల్లుడు నాగేంద్రప్రసాద్ నమస్కరించి రాసేది.

మామా, నేను బాగున్నాను. ఫోన్ చేస్తే నీకు వినపడదు, అరిచి అరిచి నా గొంతు పోతోంది. ఇన్నేళ్లు ఏసీ ప్లాంటు పక్కన నిలబడి నీ చెవులు కంపెనీకే రాసిచ్చి వెళ్లావు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు ఫోర్‌మన్‌గా చేసిన కువైట్ కంపెనీ కాదిప్పుడు. పొద్దున మీటింగు ఎత్తేశారు. అందరి ఫోన్లలోనూ ఒకటే ఫీడు. అందరం రాసుకునే గోడ అనుకో, ఎవరేం రాసినా అందరికీ కనపడుతుంది. అందులో సదీఖ్ అని ఒక ఏఐ అసిస్టెంటును పెట్టారు. ఎవరు ఏ బిల్డింగుకు పోవాలి, ఏ సామాను తెప్పించాలి, అన్నీ సదీఖ్‌నే అడుగుతాం. మా రాతలన్నీ చదివి క్షణంలో చెప్తాడు. నా తెలుగును మేనేజరుకు అరబ్బీ చేసి కూడా పెడతాడు.

నీ అల్లుడు,
నాగేంద్ర

తా.క.: నా గదిలోనే ఉండే మాబుకూ నాకూ మాటల్లేవు. అత్తకు చెప్పకు.

*

రాజంపేట

నాగేంద్రకు మామ దీవెనలు.

నీ ఉత్తరం చూసి సంతోషించాను. ఏఈ గారు అంత పెద్ద ఉద్యోగంలో ఉండి మీ అందరికీ జవాబు రాస్తున్నాడంటే గొప్ప మనిషే. మన కరెంటాఫీసు ఏఈ ముఖమెత్తి కూడా చూడడు. సదీఖ్ అన్నావు కాబట్టి ఆ పేరును గౌరవంగా చూసుకో. నేను దిగిన కొత్తలో కువైట్‌లో నాకు తెలిసిన ఒకే ఒక్క అరబ్బీ మాట అది, స్నేహితుడని అర్థం. బస్సులో ఎవడు నన్ను తోసినా "సదీఖ్" అంటే నవ్వేవాడు.

మాకు ఫీడూ లేదు, గోడా లేదు. అబ్దుల్ ఖుద్దూస్ అని పెద్ద ఫోర్‌మన్ ఉండేవాడు. పొద్దున్నే వ్యాను మెట్టు మీద నిలబడి మూడు భాషల్లో అరిచేవాడు. సగం అర్థమయ్యేది కాదు. అందుకని వ్యానులో ఒకరినొకరు అడిగి తెలుసుకుంటూ పోయేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఆ అడగడమే బాగుండేదనిపిస్తుంది.

మాబుతో ఏమైంది? ఇద్దరూ ఒకే విమానంలో ఎక్కినోళ్లు.

గంగులయ్య

తా.క.: ఏఈ గారికి పెళ్లయిందా? మీ అత్త చెల్లెలి కూతురు బీటెక్కు.

*

ఫహాహీల్

మామకు నమస్కారం.

మామా, ఏఈ కాదు, ఏఐ. మనిషి కాదు. ఇక్కడ ఉండటానికి ఇఖామా కాగితం లేదు, అన్నం లేదు, సెలవు లేదు, నిద్ర లేదు. పెళ్లి అసలే లేదు.

మాబు సంగతి విను. మహబూలాలో ఒక బిల్డింగులో ఏసీ ఆగిపోయింది. ఫ్యాను మోటారు తీసుకురమ్మని మాబు ఫీడులో రాశాడు. చూశాను, వేరే పనిలో పడి మర్చిపోయాను. ఎండలో పసిబిడ్డలతో అల్లాడిపోయారు ఆ ఇళ్లవాళ్లు. మేనేజరు ఫీడులోనే "ఎందుకు ఆలస్యం?" అని సదీఖ్‌ను అడిగాడు. సదీఖ్ ఉన్నదున్నట్టు రాశాడు: "మాబు గారు అడిగారు. నాగేంద్ర గారు చూశారు. జవాబు ఇవ్వలేదు." అందులో అబద్ధం లేదు మామా. దానికి నాకు కోపం లేదు. కానీ దాని కింద మాబు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాడు! మేనేజరు ముందర! నా తప్పుకు పండగ చేసుకున్నట్టు!

అప్పటినుంచి ఒకే గదిలో ఉంటూ, ఒకే పొయ్యి మీద వండుకుంటూ పలకరించుకోవట్లేదు. పని మాటలన్నీ సదీఖ్ ద్వారానే.

నాగేంద్ర

తా.క.: మొన్న "సదీఖ్, ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాడో మాబును అడుగు" అని ఫీడులో రాశాను. "మాబు గారు మీ పక్కనే ఉంటే నేరుగా అడగడం త్వరగా అవుతుంది" అన్నాడు. ఆఫీసంతా చదివింది.

*

రాజంపేట

నాగేంద్రకు గంగులయ్య కోపంతో రాయడం ఏమనగా,

అన్నం పెట్టరా? నిద్ర పోనివ్వరా? ఇఖామా కూడా తీయలేదా? మనిషిగా చూడరని నువ్వే రాశావు! ఎవడురా పనిలో పెట్టుకున్న ఆ కఫీలు? ఎంబసీకి కాగితం పెడతాను. మీరైనా ఒక ముద్ద పెట్టలేకపోయారా?

మా కాలంలో ఒకడు పైకప్పు మీద తప్పు మోటారు బిగిస్తే కఫీలు వచ్చి నిలదీశాడు. ఖుద్దూస్ "దుమ్ము గాలి లేచింది సార్" అన్నాడు. దుమ్ము నిజంగానే ఉంది, కువైట్‌లో ఎప్పుడు లేదు? ఆ తర్వాత వాడిని పక్కకు పిలిచి తిట్టిన తిట్లు మాత్రం నాకు ఇప్పుడు కూడా వినపడుతున్నాయి, ఈ చెవులతోనే. తిట్టినాక అందరం ఒకే పళ్లెంలో తిన్నాం.

కువైట్ సిటీలో ఇంటిపని చేసే మన సంజీవమ్మ సెలవు ముగించుకుని వస్తోంది. ఆమెతో మీ అత్త చేసిన నిప్పట్లు, పాకం ఉండలు పంపుతున్నా. సదీఖ్‌కే ఇవ్వాలి. మాబు, నువ్వు ఇద్దరూ దగ్గరుండి తినిపించాలి. ఒక్కడివే ఇస్తే ఒప్పుకోను.

గంగులయ్య

తా.క.: తిండి లేక నీరసించి నమల్లేకపోతే పాలలో నానబెట్టి ఇవ్వండి.

*

ఫహాహీల్

మామకు నమస్కారం, అత్తకు వేరేగా నమస్కారం.

శుక్రవారం సంజీవమ్మ బస్సెక్కి వచ్చి తలుపు కొట్టింది. తీసింది మాబు. మూట మీద "సదీఖ్‌కు" అని చూసి, నా వైపు చూడకుండా ఫీడులో రాశాడు: "సదీఖ్, రాజంపేట నుంచి నీకు నిప్పట్లు వచ్చాయి."

"చాలా సంతోషం. నేను తినలేను. పంపిన పెద్దాయన నొచ్చుకోకుండా నా వంతు టీమంతా పంచుకుంటారా?" అని జవాబొచ్చింది.

గంటలో గది నిండిపోయింది. బంగ్లాదేశీ ఫిట్టర్లు వచ్చారు. ఈజిప్టు మేనేజరు పాకం ఉండ కొరికి "యల్లా, ఇంకోటి" అన్నాడు. నీ ఉత్తరంలో తాజా కలం పైకి చదివాను. మాబు నోట్లో నిప్పట్టుతోనే నవ్వడం మొదలుపెట్టాడు. ఆపుకోలేక గోడకు ఆనుకుని, "రేయ్, పాలు యాడ పెట్టినావురా?" అన్నాడు. ఇన్నాళ్లకు నాతో మాట్లాడిన మొదటి మాట.

"ఆ బొటనవేలు ఎందుకు పెట్టినావురా?" అని అడిగాను.

"చదివినాను అని పెట్టినా. ఇంగేం పెట్టాల్నో తెలీలేదు. నీ మీద చెప్పినట్టయిందని ఆ పూట అన్నమే తినలేదు నేను" అన్నాడు.

మామా, మళ్లీ చెప్తున్నా. సదీఖ్ యంత్రం. దయచేసి ఎంబసీకి రాయకు.

నాగేంద్ర

తా.క.: ఇకపైన శుక్రవారాలు అందరూ మా గదిలోనే తింటారట. వంట మాబుది, గిన్నెలు నావి.

*

రాజంపేట

అల్లుళ్లిద్దరికీ దీవెనలు.

ఎంబసీకి రాయలేదు. ఏఐ అంటే ఏమిటో నీ మొదటి ఉత్తరం రాకముందే తెలుసు. మాబు రాశాడు. వాడి ఉత్తరం నీకంటే ముందే చేరింది. సదీఖ్ యంత్రమనీ, బొటనవేలు పెట్టి చిక్కులో పడ్డాననీ, నువ్వు ముఖం తిప్పుకుంటుంటే తట్టుకోలేకపోతున్నాననీ అంతా రాశాడు. నీకు చెప్పొద్దని కూడా రాశాడు.

అర్థమైందని రాసుంటే నీ ఉత్తరాలు ఒక్కదానితో ఖలాస్. అర్థం కాలేదంటేనే కదా నువ్వు మళ్లీ కాగితం తీసేది. ఫోన్లో ఎటూ వినపడదు. నీ అక్షరాలు చదువుతుంటే ఫహాహీల్ సముద్రపు గాలి తగిలినట్టే ఉంది నాకు, మా వాళ్లంతా వ్యానులో అరుచుకుంటున్నట్టే ఉంది.

సదీఖ్ మర్యాద తెలిసినవాడు. తన వంతు పంచేశాడు. మా ఖుద్దూస్ అయితే సగం దాచుకునేవాడు.

మీ మామ,
గంగులయ్య

తా.క.: ఇంతకీ ఆ ఫీడు అంటే ఏమిటో నాకింకా సరిగ్గా అర్థం కాలేదు. తీరిగ్గా, వివరంగా రాయండి. ఇద్దరూ ఒకే కాగితం మీద.