పిట్ట ముట్టకముందే

అక్కా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. షామీర్‌పేట చెరువు కట్ట మీద నీకిష్టమైన మటన్ కూర, అన్నం ఆకుల పెట్టినం. కాకి ముట్టేదాక ఇంట్ల ఎవ్వరు తినొద్దు గదా. అది ఎంతకూ రాలే. మా ఆయన తాను ఆగుతనని మమ్మల్ని ఇంటికి పంపిండు.

నీ మొగడు ఆగలే. "ఆకలైతాంది, ఇగ పెట్టుర్రి" అని కూసున్నడు. చేతి మీద నీ పేరు పచ్చబొట్టు అట్లనే ఉంది. దాని మీదికెల్లి కూర రసం కారింది. బొక్క చీక్కుంట "ఉప్పు తక్కువైంది" అన్నడు. థూ! నువ్వు దక్కకుంటే పురుగుల మందు తాగి సస్త అన్నోడు గీడేనా?

గుణం మంచిదని బాపు తెచ్చిన సంబంధం నేను చేసుకుంటే నువ్వు నవ్వినవ్. "గా మొద్దుకు ప్రేమంటే ఏందో ఎరుకేనా?" అన్నవ్. దవాఖానల నీ వాంతులు ఎత్తిపోసింది ఆ మొద్దే. నీ మొగనికి ఆ వాసన పడలే.

కాకి ముట్టినంకనే మా ఆయన ఇంటికొచ్చిండు, మొఖం ఎండకు కమిలిపోయింది. సల్లారిన కూర కలుపుకొని తిన్నడు. ఉప్పు మాట ఎత్తలే.

తర్వాత నేను తిని చూసిన. నిజంగనే తక్కువుంది.

నీ చెల్లె