సాయిలన్న ఒంటి వాపు

అన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మిర్యాలగూడ దవాఖానలో ఆయాగా చేరాక నాలుగక్షరాలు నేర్చుకున్నాను. ఈ ఉత్తరం నీకు అందదని తెలిసే రాస్తున్నాను. నువ్వు పోయిన నెలకే పోలీసు యాక్షన్ అయింది, మన ఊళ్లో వెట్టి పోయింది.

నిన్న దొర గుమాస్తాను ఒళ్లంతా వాపుతో తీసుకొచ్చారు.

"ఈ వాపు ఎందుకొచ్చింది సారూ?" అని గుమాస్తా డాక్టరును అడిగాడు.

"మూత్రపిండాలు నెత్తురును వడగడ్తయి. ఆ వడగట్టిన దాంట్లకెల్లి ఒంటికి కావల్సిన నీళ్లు, ఉప్పు మళ్ల నెత్తురులకే తీసుకుంటయి. నెత్తురుల ఇంక మిగిలిన చెడును మూత్రంలకు తోస్తయి. మీకవి ఖరాబైనయి. ఉప్పు, నీళ్లు ఒంట్లనే నిలిచినయి. పని బంద్ చేసి పండుకోవాలె," అన్నాడు డాక్టరు.

నీకూ మొహం, కాళ్లు ఇట్లాగే ఉబ్బాయి. "తిని బలిసిండు" అని ఈ గుమాస్తానే నీ నెత్తికి వడ్ల బస్తా ఎత్తించాడు. త్రిపురారం దారిలో పడ్డవాడివి మళ్లీ లేవలేదు.

ఈ పొద్దున ఉప్పులేని జావ తీసుకెళ్లి, "నేను సాయిలు చెల్లెను" అన్నాను.

"ఏ సాయిలు?" అన్నాడు.

జావ గిన్నె అతని చేతికిచ్చాను అన్నా. చల్లారకముందే తాగమన్నాను.

నీ చెల్లె