పోకపోయినా పోయినట్టు

మార్చి 3
మా ఆస్పత్రి మెయిల్ కోడ్ శుభ్రం చేయమన్నారు. పేషెంట్లకి అపాయింట్‌మెంట్ తేదీలు పంపే కోడ్. మొత్తం ఒకే మెథడ్, 412 లైన్లు. ఎవడ్రా బాబూ రాసింది అని పైకే తిట్టాను. ఏ లైను ఎవరు రాశారో చూపే హిస్టరీ తెరిస్తే నా పేరే. పక్క సీట్లో కొత్తమ్మాయి నవ్వాపుకోలేక మానిటర్ వెనక్కి దాక్కుంది.

మార్చి 4
నేను మార్చిన కోడ్ రివ్యూ చేసేది ఆ కొత్తమ్మాయే. విడగొట్టిన ప్రతి ముక్కకీ అది ఏం చేస్తుందో అదే పేరు పెట్టాలట. పేరు దొరకలేదంటే ఆ ముక్క నాకే అర్థం కానట్టట. నాకంటే పదేళ్ళు చిన్నది, నోరు మాత్రం పెద్దది. కానీ నిజమే. 'అడ్రస్ సరిచూడు', 'ఉత్తరం తయారుచెయ్యి', 'జాబితా పంపు'. నాలుగు వందల లైన్లు హాయిగా విడిపోయాయి.

మార్చి 6, ఉదయం 11
చివరి తొమ్మిది లైన్లకి పేరు తట్టడం లేదు.

మార్చి 6, మధ్యాహ్నం 12
తట్టింది. సర్వర్ మెయిల్‌ని తిప్పికొడితే, ఈ లైన్లు ఆ సంగతి చప్పుడు చేయకుండా మింగేసి స్క్రీన్ మీద 'వెళ్ళింది' అని పచ్చ టిక్కు పెడతాయి. డెమో రోజు ఎర్ర మెసేజ్ కనబడితే పరువు పోతుందని పెట్టాను. తర్వాత తీసేద్దామనుకుని మర్చిపోయాను. దీని పేరు: 'పోకపోయినా పోయినట్టు రాయి'.

టైప్ చేశాను. చెరిపేశాను.

రెండేళ్ళ కిందట మెయిల్స్ రాలేదని పేషెంట్లు రిసెప్షన్ మీద పడ్డారు. కౌంటర్లో ఉండే అక్క, నాకేం చుట్టం కాదు, అందరికీ అక్కే, అన్నీ పంపానని మొత్తుకుంది. మీటింగ్‌లో నన్నడిగారు. టిక్కులున్నాయి, ఆమే అడ్రస్‌లు తప్పు కొట్టి ఉంటుంది అన్నాను. ఏ మెయిల్ ఏమైందో సర్వర్ రాసిపెట్టే లాగ్ తెరిచి కూడా చూడలేదు. అక్కని కింద రికార్డుల గదిలోకి తోసేశారు. సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను.

మార్చి 9
ఆ తొమ్మిది లైన్లూ తీసేసి, మెయిల్ పోకపోతే పోలేదని చెప్పేలా రాశాను. ఏం మార్చామో రాసే కమిట్ మెసేజ్‌లో 'చిన్న క్లీనప్' అని పెట్టాను. చిన్నదట! ఛీ.

మార్చి 10
ఏదో ఫైలు వంకతో రికార్డుల గదికి వెళ్ళాను. అక్క ఎప్పటిలాగే బాగున్నావా తమ్ముడూ, టీ తాగుతావా అంది. కళ్ళద్దాలు వచ్చాయి. ఫైలు నంబరు ఒక్కో అంకె మీదా వేలు పెట్టి మూడుసార్లు చదివింది. ఏంటక్కా, పరీక్షకి చదువుతున్నావా అని వేళాకోళమాడాను. నా నోరు పడిపోను. టీ తాగేసి వచ్చాను.

మార్చి 11
చెప్పలేదు.

మార్చి 12
కొత్తమ్మాయి నా 'చిన్న క్లీనప్'ని వెనక్కి కొట్టింది. ఏం తీసేశారో దాని పేరు రాయండి అంది. రాశాను: 'పోకపోయినా పోయినట్టు రాసే కోడ్ తీసేశాను. రాసింది నేనే. రిసెప్షన్ అక్క తప్పేమీ లేదు.' అదే మేనేజర్‌కీ పంపాను. ఇప్పుడవన్నీ ఎందుకయ్యా తవ్వడం, కోడ్ బాగుపడింది కదా అన్నారాయన. నేను రికార్డుల గదికి మెట్లు దిగాను.

మార్చి 12, సాయంత్రం
చెప్పాను. అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అయితే నేను అడ్రస్‌లు సరిగ్గానే కొట్టానా అని రెండుసార్లు అడిగింది. సరిగ్గానే కొట్టావక్కా అన్నాను. ఆ గొడవ తర్వాత, చూపు బాగానే ఉందని డాక్టర్ చెప్పినా నమ్మక, పట్టుబట్టి ఆ కళ్ళద్దాలు చేయించుకుందట.

తీసి నా చేతిలో పెట్టింది. ఇప్పుడు నా టేబుల్ మీదున్నాయి.